మూరెడు సైన్యం

షియాన్ వెళ్లినవాళ్లలో మట్టి సైనికుణ్ణి వెంట తెచ్చుకోనివాళ్లు తక్కువ. నగరంలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి, తూర్పున ముప్పై అయిదు కిలోమీటర్ల పైచిలుకు దూరాన లింటోంగ్‌లో ఉన్న మ్యూజియం గేటు దాకా ఎటు చూసినా వాళ్లే. తాళంచెవుల గుత్తికి వేలాడే బొటనవేలంత వాళ్లు, జానెడు వాళ్లు, తోటలో నిలబెట్టుకోవడానికి మనిషెత్తు వాళ్లు. అట్టపెట్టెలో గుడ్డ పరిచి, అయిదుగురిని పడుకోబెట్టి అమ్ముతారు: సేనాపతి, అధికారి, నిలుచున్న విలుకాడు, మోకాలూనిన విలుకాడు, గుర్రంతో రౌతు. మ్యూజియం నుంచి బయటపడే దారి పొడవునా ఇవే దుకాణాలు. మధ్యమధ్య దానిమ్మకాయల బండ్లు, చిన్న చిన్న ఎర్రటి పెర్సిమన్ పళ్ల బుట్టలు. లింటోంగ్ ఆ రెండు పళ్లకూ పేరుపడ్డ చోటు. నేను వెళ్లింది శరత్కాలం కావడంతో బొమ్మలకన్నా పళ్ల దగ్గరే జనం ఎక్కువగా ఉన్నారు.

ఆ పెట్టెల్ని చౌక సరుకని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించలేను. ప్రాచీన చైనా సైనికుల చిన్న బొమ్మల్ని పోగుచేయడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న ఇష్టం. హాంకాంగ్‌లో రంగులద్దిన 54 మిల్లీమీటర్ల లోహపు బొమ్మలు, మనిషిని డెబ్భై రెండో వంతుకు కుదించిన ప్లాస్టిక్ దళాలు, ఎవరెవరో తెచ్చిచ్చిన మట్టి బొమ్మలు మా ఇంటి అల్మారాలో ఉన్నాయి. సంక్రాంతికి మెట్లు కట్టి బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో పెరిగినవాళ్లకు ఏ బొమ్మ పక్కన ఏది ఉండాలో, ఏది ఏ మెట్టు మీద ఉండాలో చిన్నప్పుడే తెలుస్తుంది. సైనికుల బొమ్మలూ అంతే. ఒక్కణ్ణి కొంటే అలంకారం. పక్కన రెండోవాణ్ణి నిలబెట్టగానే వీడు ఏ దళం, వాడు ఏ కాలం, ఇద్దరి చేతుల్లో ఆయుధాలేవి అన్న ప్రశ్నలు మొదలవుతాయి. ఆ ప్రశ్నలే నన్ను షియాన్ దాకా నడిపించాయి.

లింటోంగ్ గురించి తెలుగులో చాలామంది రాశారు కనుక క్లుప్తంగా చెబుతాను. 1974 మార్చిలో బావి తవ్వుతున్న రైతులకు మట్టి తలలు, కంచు బాణపు మొనలు దొరికాయి. క్రీ.పూ. 221లో చైనాను ఏకం చేసిన చిన్ షి హువాంగ్ సమాధికి కాపలాగా పాతిపెట్టిన సైన్యమది. మొదటి గొయ్యి 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు. మూడు గోతుల్లో కలిపి దాదాపు 8,000 మంది ఉంటారని అంచనా. 1979లో మ్యూజియం తెరిచారు. 1987లో యునెస్కో జాబితాలో చేరింది. కటకటాల దగ్గర నిలబడి కిందికి చూస్తే ఆ వరసలు మనిషిని నిశ్శబ్దం చేస్తాయన్నది నిజమే. కానీ సైనికుణ్ణి దగ్గరగా చూడాలంటే ఆ గొయ్యి దగ్గర కుదరదు. రెండో గొయ్యి ఉన్న భవనంలో అద్దాల పెట్టెల్లో కొందరిని విడిగా ఉంచారు. నేను ఎక్కువసేపు గడిపింది అక్కడే.

మోకాలూనిన విలుకాడి ఎత్తు 122 సెంటీమీటర్లు. కుడి మోకాలు నేలకు ఆనించి, ఎడమ మోకాలు పైకెత్తి, రెండు చేతులూ కుడిపక్కకు తెచ్చి, ఇప్పుడు లేని వింటిని పట్టుకుని ఉంటాడు. వెనక్కి వెళ్లి చూస్తే కుడికాలి చెప్పు అడుగు కనిపిస్తుంది. ఆ అడుగున కుట్టిన దారపు ముడులు వేళ్ల దగ్గరా మడమ దగ్గరా దట్టంగా, మధ్యలో పలచగా ఉంటాయి. జారకుండా ఉండడానికి అసలు చెప్పులు ఎలా కుట్టేవారో శిల్పి అలాగే చెక్కాడు. కవచం చూడండి. రొమ్ము దగ్గర పై రేకు కింది రేకు మీదికి వస్తుంది. పొట్ట దగ్గరికొచ్చేసరికి కింది రేకు పై రేకు మీదికి వస్తుంది. మనిషి వంగాలి కదా! సిగ కూడా నడినెత్తిన ఉండదు, ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. రౌతు గుర్రానికి జీను ఉంది, కాలు పెట్టుకునే రికాబులు లేవు. ఆ కాలానికి అవి ఇంకా రాలేదు.

ఇదంతా చెప్పడానికి కారణముంది. చిన్న బొమ్మ కొనేవాడికి ఈ నాలుగూ నాలుగు పరీక్షలు. ముందు చెప్పు అడుగు, తర్వాత పొట్ట దగ్గరి రేకులు, ఆపైన సిగ, చివరికి రికాబు. గుర్రానికి రికాబులు వేలాడుతుంటే చేసినవాడు అసలు గుర్రాన్ని చూడలేదన్నమాట. జానెడు బొమ్మలో చెప్పు కుట్లు కనిపించకపోవచ్చు గానీ, రేకుల వరస తిరిగే చోటు మాత్రం మంచి పనివాడు వదలడు.

మా అన్నయ్య కొడుకు షియాన్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. వాడే నాకు దుబాసీ. లింటోంగ్ పక్కన నకలు బొమ్మలు చేసే ఒక కార్ఖానాకు తీసుకెళ్లాడు. పని అక్కడ కళ్లముందే జరుగుతుంది. ప్లాస్టర్ అచ్చు రెండు చెక్కలు. తడిమట్టిని ఒక్కో చెక్కలో వేళ్లతో అదిమి, రెంటినీ కలిపి, కాసేపయ్యాక విప్పుతారు. అతుకు గీతను చాకుతో గీకి, తడి బ్రష్షుతో నున్నగా చేస్తారు. ఆ తర్వాతి పనే అసలైనది. ఒకామె సన్నని వెదురు పుల్లతో సిగలో వెంట్రుకల గీతలు తీర్చుతోంది. అచ్చులోంచి వచ్చిన ముఖాలన్నీ ఒక్కటే అయినా, ఆమె చేతుల్లోంచి వెళ్లేటప్పటికి ఒకడికి మీసం కొస పైకి తిరిగింది, ఒకడికి కనుబొమ పైకి లేచింది. రెండు వేల రెండు వందల ఏళ్ల కిందట పెద్ద బొమ్మలకు చేసిందీ ఇదే. ఒళ్లు, చేతులు, తల వేర్వేరుగా చేసి, మట్టిచుట్టలు పేర్చి మొండెం లేపి, ముఖానికి పైన పలచగా మట్టి పూసి చేత్తో మలిచారు. పనివాళ్ల పేర్లు బొమ్మల మీద ముద్రించి ఉన్నాయి. అవి ఎనభైకి పైగా దొరికాయి. పని బాగాలేకపోతే ఎవరిని పట్టుకోవాలో తెలియడానికి వేసిన ముద్రలు! ఇప్పుడు చక్రవర్తి కొలువులోని మంత్రుల పేర్లతో సమానంగా ఆ కుమ్మరుల పేర్లూ పుస్తకాల్లో ఉన్నాయి. నాకు ఆ మ్యూజియంలో అన్నిటికన్నా తృప్తినిచ్చిన సంగతి అది.

కార్ఖానాలో ఇంకో విషయం నేర్చుకున్నాను. మట్టి ఆరి, బట్టీలో కాలేసరికి సుమారు పదో వంతు కుదించుకుపోతుంది. కాబట్టి కాల్చిన బొమ్మ మీద అచ్చు తీసి ఇంకో బొమ్మ చేస్తే అది మొదటిదానికన్నా చిన్నదవుతుంది, గీతలు మొద్దుబారతాయి. దాని మీద మళ్లీ అచ్చు తీస్తే ఇంకా చిన్నది, ఇంకా మొద్దు. బజారులో దొరికే పెట్టెల్లో చాలావరకు ఇలా నకలుకు నకళ్లే. ఒకే భంగిమ బొమ్మలు రెండు పక్కపక్కన పెట్టి కొలిస్తే ఏది ఎన్నో తరమో తెలిసిపోతుంది.

"బాబాయ్, నువ్వు కొంటున్నావా, పోస్ట్‌మార్టం చేస్తున్నావా?" అన్నాడు మావాడు, నేను బొమ్మల్ని తలకిందులు చేసి, వేలితో కొట్టి చప్పుడు వింటుంటే. బాగా కాలిన మట్టి ఖంగుమంటుంది. పొడి కలిపి పోతపోసిన రెసిన్ బొమ్మ అలా మోగదు. అచ్చు కొత్తగా ఉన్న మోకాలు విలుకాణ్ణి ఒకణ్ణి ఏరి తీసుకున్నాను.

"ఇక అయిపోయినట్టేనా?" అన్నాడు.

"అసలు చిన్న సైనికులు ఊరికి అటుపక్క ఉన్నారు నాన్నా. రేపు అటు పోదాం," అన్నాను.

షియాన్‌కు ఉత్తరాన వెయ్ నది దాటితే షియాన్‌యాంగ్ పీఠభూమి. పశ్చిమ హాన్ వంశపు చక్రవర్తుల సమాధులు తొమ్మిది ఆ మెట్ట మీదే వరసగా ఉన్నాయి. పొలాల మధ్య గడ్డి పట్టిన చదును నెత్తి గుట్టలవి. విమానాశ్రయానికి వేసే రహదారి కోసం 1990లో తవ్వుతుంటే అందులో ఒకటైన యాంగ్‌లింగ్ బయటపడింది. అది క్రీ.పూ. 157 నుంచి 141 వరకు ఏలిన జింగ్ చక్రవర్తి సమాధి. గుట్ట చుట్టూ చక్రంలో ఆకుల్లా 81 గోతులు ఉన్నాయి. కొన్నింటి మీద 2006లో భూగర్భ మ్యూజియం కట్టారు. బూట్ల మీద తొడుగులు వేసుకుని, చీకట్లోకి దిగి, గాజు నేల మీద నడుస్తాం. కాళ్ల కిందే గోతులు. లింటోంగ్‌లో సైన్యాన్ని దూరం నుంచి చూస్తాం. ఇక్కడ సైన్యం మీద నడుస్తున్నట్టే ఉంటుంది.

ఈ సైనికుల ఎత్తు 60 సెంటీమీటర్లు, మనిషిలో మూడో వంతు. ఒంటి మీద నూలుపోగు లేదు, చేతులు లేవు. చేసినప్పుడు అలా లేరు. కర్రతో చేసిన, కదిలే చేతులు బిగించి, పట్టు, జనపనార బట్టలు కట్టి, నడుముకు ఆయుధం తగిలించి పెట్టారు. కర్ర, గుడ్డ మట్టిలో కలిసిపోయాయి. భుజం దగ్గర చెయ్యి అమర్చిన గుండ్రటి రంధ్రం మాత్రం మిగిలింది. ఆయుధాలనూ అదే కొలతకు కుదించి చేశారు. చిన్న ఇనుప కత్తులు, చిన్న కంచు బాణపు మొనలు, చిన్న వింటి మీటలు. నాణేలు కూడా చిన్నవే. ఒక గోతిలో వరసగా మట్టి పందులు, కుక్కలు, మేకలు, గొర్రెలు. ముఖాల మీద లింటోంగ్ సైనికుల బిర్రు లేదు. చాలామంది పెదవుల చివర చిరునవ్వు ఉంది. 1/6 కొలతలో గుడ్డ బట్టలు కట్టిన సైనికుల బొమ్మల్ని ఇప్పుడు హాంకాంగ్ కంపెనీలు చేస్తే, చేతులు కదులుతాయి, కత్తి ఒరలోంచి వస్తుంది అని సేకరించేవాళ్లం మురిసిపోతాం. ఆ పనిని ఒక చక్రవర్తి సమాధి కోసం క్రీ.పూ. రెండో శతాబ్దంలోనే చేసేశారు. చిన్ని వింటి మీట, చిన్ని బాణపు మొన పోతపోయడానికి పెద్దదానికన్నా తక్కువ నైపుణ్యం పట్టదు. చిన్న బొమ్మ అంటే పెద్దదానికి పేద చుట్టమని అనుకునేవాళ్లు ఒక్కసారి ఈ గాజు నేల మీద నడవాలి. చిన్ చక్రవర్తి సమాధి దగ్గర కూడా 1980లో కంచు రథాలు రెండు దొరికాయి. అవి సరిగ్గా సగం కొలతలో, ఒక్కోటి వేల భాగాలు కూర్చి చేసినవి. గోతుల్లో ఎనిమిది వేలమంది ఉన్నా, పనితనంలో వాటిని మించింది అక్కడ లేదన్నది నా అభిప్రాయం.

జింగ్ చక్రవర్తి పేరు గుర్తుంచుకోండి. తర్వాతి మజిలీలో మళ్లీ వస్తాడు.

యాంగ్‌లింగ్ నుంచి షియాన్‌యాంగ్ మ్యూజియం చూడటానికి వెళ్లాం. ఇక్కడున్న సైన్యం పేరు యాంగ్‌జియావాన్ సైన్యం. హాన్ వంశ స్థాపకుడి సమాధి పక్కన, ఒక ఉన్నతాధికారి సమాధికి చెందిన పదకొండు గోతుల్లో 1965లో దొరికింది. అంటే లింటోంగ్ రైతులు బావి తవ్వడానికి తొమ్మిదేళ్ల ముందే. ఆరు గోతుల్లో రౌతులు, నాలుగింటిలో పదాతులు, ఒకదానిలో రథాలు. 583 మంది రౌతులు, రెండు వేలకు దగ్గరగా పదాతులు. పెద్ద రౌతు గుర్రంతో కలిపి 68 సెంటీమీటర్లు, చిన్న రౌతు 50. పదాతి 44 నుంచి 48 దాకా. మన లెక్కలో మూరెడు.

లింటోంగ్‌లో రంగు పోయింది. తవ్వి తీసిన కొద్ది నిమిషాల్లోనే లక్క పొర ఎండి చిట్లి, దానితో రంగూ రాలిపోయేది. ఇక్కడ చాలా బొమ్మల మీద రంగు మిగిలే ఉంది. ఎర్ర అంగీలు, తెల్ల అంగీలు, నల్లని కవచాలు, గోధుమ రంగు గుర్రాలు. పదాతుల్లో కొందరు ఒక చేత డాలు పట్టారు. రెండో చేతి పిడికిలిలో ఈటె దూర్చడానికి రంధ్రం ఉంది. కొందరి వీపున అమ్ములపొది. రౌతు నడుం నిటారుగా, కాళ్లు రికాబుల్లేకుండా వేలాడుతూ ఉన్నాయి. తోకలు ముడివేసిన గుర్రాలు నోరు తెరిచి నిలబడ్డాయి.

నన్ను ఆపింది ఆ రౌతుల సంఖ్య. లింటోంగ్ రెండో గోతిలో రౌతులు 116 మంది. ఎనిమిది వేలమందిలో నూటపదహారు. కొన్ని దశాబ్దాల తర్వాతి ఈ సైన్యంలో అయితే రమారమి ప్రతి నలుగురైదుగురిలో ఒకడు గుర్రం మీదున్నాడు. మధ్యలో ఏం జరిగిందో చరిత్రలో ఉంది. క్రీ.పూ. 200లో హాన్ స్థాపకుడు ఉత్తరాది షియోంగ్ను గుర్రపు సైన్యం చేతిలో బైడెంగ్ దగ్గర చుట్టుముట్టుబడి, బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత తరాల హాన్ పాలకులు గుర్రాలు పెంచారు. ఆ భయం, ఆ ఖర్చు, ఆ పాఠం అన్నీ ఈ మట్టి గుర్రాల్లో లెక్కకు దొరుకుతాయి. ఇలా పక్కపక్కన పెట్టి చూడటానికే నేను బొమ్మలు పోగుచేస్తాను.

ఇది ఎవరి సైన్యం? సమాధి జౌ బో అనే సేనానిదని కొందరు పండితులు, కాదు ఆయన కొడుకు జౌ యాఫూదని కొందరు అంటారు. కొడుకు కథ విన్నాక ఈ బొమ్మల్ని మామూలుగా చూడలేం. జౌ యాఫూ క్రమశిక్షణకు పెట్టింది పేరు. ఇతని శిబిరానికి చక్రవర్తి వస్తే, సేనాని ఆజ్ఞ లేదని కాపలావాళ్లు గేటు తెరవలేదు. తెరిచాక కూడా లోపల గుర్రాల్ని పరుగు తీయించడానికి వీల్లేదన్నారు. కవచంలో ఉన్నవాడు సాగిలపడడు కనుక సైనిక వందనమే చేస్తానన్నాడు యాఫూ. ఆ చక్రవర్తి వెన్, మన జింగ్‌కు తండ్రి, కోపగించుకోలేదు. మెచ్చుకున్నాడు.

క్రీ.పూ. 154లో ఏడుగురు సామంత రాజులు జింగ్ మీద తిరగబడ్డారు. యాఫూ ఎదురుపడి పోరాడకుండా వాళ్ల తిండి రవాణా దారులు తెగ్గొట్టి, మూడు నెలల్లో తిరుగుబాటు అణిచాడు. సింహాసనం నిలబెట్టిన మనిషి. కొన్నేళ్లకు అదే చక్రవర్తికి కంటగింపు అయ్యాడు. ముసలి తండ్రి అంత్యక్రియల కోసమని అతని కొడుకు ప్రభుత్వ కార్ఖానా నుంచి 500 కవచాలు, డాళ్లు కొన్నాడు. కూలివాళ్లకు డబ్బులివ్వలేదు. వాళ్లు ఫిర్యాదు చేశారు. రాజద్రోహం కేసు పెట్టారు. అవి సమాధిలో పెట్టుకోవడానికి కొన్నవని యాఫూ అంటే, భూమి మీద తిరగబడకపోయినా భూమి కింద తిరగబడతావని విచారణ అధికారి అన్నాడట. యాఫూ చెరసాలలో అన్నం మానేసి, క్రీ.పూ. 143లో చనిపోయాడు. సీమా చియాన్ తన చరిత్ర గ్రంథంలో రాసిన కథ ఇది.

ఇప్పుడు పటం చూడండి. యాంగ్‌లింగ్‌లో జింగ్ సైన్యం. దానికి ఎంతో దూరం లేకుండా యాఫూ కుటుంబానిదిగా భావిస్తున్న సైన్యం. చాలా తూర్పున, జియాంగ్సు రాష్ట్రంలోని షుజౌలో, ఇటుకబట్టీ కోసం మట్టి తవ్వుతుంటే 1984లో దొరికిన షీజీషాన్ సైన్యం. నాలుగు వేల పైచిలుకు చిన్న సైనికులు. అది చూ రాజ్యపు రాజుదని తేలింది. జింగ్ మీద తిరగబడి, ఓడి, ఆత్మహత్య చేసుకున్న ల్యూ వు అనే చూ రాజుదేనని చాలామంది అభిప్రాయం. ఏలినవాడు, తిరగబడ్డవాడు, ఆ తిరుగుబాటు అణిచినవాడు. ముగ్గురి వైపు నుంచీ ఒక్కో చిన్న మట్టి సైన్యం ఇరవై శతాబ్దాల తర్వాత బయటికొచ్చింది. మా ఇంటి అల్మారాలో ఆ మూడు సైన్యాల నుంచి ఒక్కొక్కణ్ణి పక్కపక్కన నిలబెట్టాలని ఆ మ్యూజియంలోనే నిశ్చయించుకున్నాను.

అంత తేలిక కాదని వెంటనే తెలిసింది. నకళ్లు చేసేవాళ్లంతా చిన్ సైనికుల్నే చేస్తారు. పేరు వాళ్లదే కాబట్టి. హాన్ రౌతు కోసం దుకాణాల్లో అడిగితే మళ్లీ అదే అయిదుగురి పెట్టె చూపించారు. చివరికి ఒక చిన్న దుకాణంలో జానెడు రౌతు దొరికాడు. తోక ముడి ఉంది, రికాబులు లేవు, అంగీకి ఎరుపు వేశారు. దుకాణం పెద్దాయన కాల్క్యులేటర్ మీద ధర కొట్టి చూపించాడు, మావాడు సగం కొట్టి చూపించాడు. మధ్యలో ఎక్కడో కుదిరింది.

బేరం అయ్యాక ఆ పెద్దాయన గొంతు తగ్గించి ఏదో అన్నాడు. మావాడు తిరిగి నా వైపు చూశాడు. "బాబాయ్, లోపల నిజంగా పాతది ఒకటి ఉందంటున్నాడు. చూస్తావా?"

"వద్దని చెప్పరా," అన్నాను.

సేకరించేవాళ్లందరికీ ఈ మాట ఏదో ఒక రోజు ఎదురవుతుంది. జింగ్ చక్రవర్తి తల్లి, డోవ్ రాణి సమాధిని దొంగలు తవ్వేశారు. అక్కడి నల్లమట్టి బొమ్మలు ఆరు న్యూయార్క్‌లో వేలానికి వచ్చాయి. 2002 మార్చిలో పాట మొదలయ్యే ముందు వాటిని ఆపించారు. 2003లో చైనాకు తిరిగి వెళ్లాయి. దొంగ తవ్విన గోతిలో ఏ బొమ్మ పక్కన ఏది ఉందో, ఎటు తిరిగి ఉందో ఇక ఎప్పటికీ తెలియదు. యాంగ్‌జియావాన్‌లో రౌతుల్ని దొంగలు ఎత్తుకుపోయి ఉంటే 583 అన్న అంకె మనకు ఉండేది కాదు. చైనా చట్టం ప్రకారం 1911కు ముందరి పురావస్తువుల్ని దేశం దాటించడం నేరం. చట్టం లేకపోయినా నా మాట అదే.

షియాన్ వెళ్లే తెలుగువాళ్లు ఇప్పుడు తక్కువేం కాదు. అమరావతి ప్రాంతాన్ని చూసి వెళ్లిన హ్యుయాన్‌త్సాంగ్ తెచ్చిన గ్రంథాల కోసం కట్టిన స్తూపం ఆ ఊళ్లోనే ఉంది, దాన్ని తప్పక చూస్తారు. లింటోంగ్ ఎలాగూ చూస్తారు. ఇంకొక్క రోజు ఉంచుకోండి. విమానాశ్రయం షియాన్‌యాంగ్ వైపే, యాంగ్‌లింగ్ దానికి దగ్గరే. బొమ్మల్ని యాంగ్‌లింగ్, షియాన్‌యాంగ్ మ్యూజియాలు రెండూ చూశాకే కొనండి. కొత్తగా చేసినవే, రసీదు తీసుకునే కొనండి. బట్టల్లో చుట్టి చేతిసంచిలోనే తెచ్చుకోండి. దుకాణాల్లో హాన్ రౌతు ఉన్నాడా అని పేరుపెట్టి అడగండి. అడిగేవాళ్లు నలుగురైతే ఆ కార్ఖానాలవాళ్లు యాంగ్‌జియావాన్ గుర్రాలకూ కొత్త అచ్చులు తీస్తారు.